కొట్టం గోడలో గొంతు

డాక్టరు నా నాలుకకు పల్చటి గుడ్డ చుట్టి ముందుకు లాగి పట్టుకున్నాడు. రెండో చేత్తో పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని దీపం మీద వెచ్చచేసి, మరీ కాలిందేమోనని తన చేతికి ఆనించి చూసుకుని, నా నోట్లోకి దించాడు.

"ఈ... అనండమ్మా."

నాలుక ఇంకొకరి చేతిలో ఉంటే ఏ మాటా పలకదు. "ఈ" మాత్రం ఎలాగో వస్తుంది. అన్నాను. నా గొంతు ఏడాదిగా రంపం వేసినట్టు ఉంది. ఆ రంపం గొంతులోంచే ఆ "ఈ" కిందినుంచి లేచి, పైకి పోయి, చివర సన్నగా చిట్లి ఆగింది. డాక్టరు పట్టించుకోలేదు, ఇంకోసారి అనమన్నాడు. నాకు మాత్రం వీపంతా చెమట పట్టింది. ఆ "ఈ" నాది కాదు. దాన్ని మళ్ళీ ఎత్తనని పదేళ్ళ వయసులో ఒకామె చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాను. ఆమె పోయింది. నా పెనిమిటీ పోయాడు. ఇన్నేళ్ళూ ఆ మాట తప్పకుండా వచ్చాను. డాక్టరు అద్దం ముందు తప్పిపోయింది.

గొంతులో కాయ ఉందట. వచ్చే వారం కోత పెడతారట. ఆ తర్వాత మాట ఉంటుందో ఉండదో ముందుగా చెప్పలేనన్నాడు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకని గొంతు ఉండగానే మా కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి రాయిస్తున్నాను. పేర్లు చెప్పను. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

మా అమ్మ మదనపల్లె బయట మిట్ట మీద మిషను ఆసుపత్రిలో ఆయా. నాకు ఊహ తెలిసేసరికే నాయన లేడు. ఆసుపత్రి వెనక పనివాళ్ళ ఇళ్ళ వరసలో ఒక గది మాది. అక్కడి గాలి మంచిదని దగ్గు జబ్బు వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలల తరబడి పడుకునేవాళ్ళు. ఇప్పటికీ నాకు ఫినాయిలు వాసన తగిలితే దాని వెనకే కాగిన పాల వాసన కూడా వస్తుంది. అక్కడ ఆ రెండూ కలిసే ఉండేవి. సరుగుడు తోపులో గాలి వీస్తే ఎవరో పెద్ద మనిషి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

వరండా చివర ఒక చిన్న వార్డు. పనివాళ్ళం దాన్ని మూగ వార్డు అనేవాళ్ళం. అందులో ఒక్కరు కూడా మూగవాళ్ళు కారు. జబ్బు గొంతులోకి దిగిన ఆడవాళ్ళు ఆరుగురు. వాళ్ళకు అన్నిటికంటే పెద్ద మందు మాట్లాడకపోవడం. ఆరు నెలలో, ఏడాదో. గుసగుస కూడా కూడదు. చదువు వచ్చిన వాళ్ళకు తలా ఒక పలక ఇచ్చారు. రానివాళ్ళు చేతులతో, పెదవులతో ఆడించి చూపించుకోవాలి.

ఆ వార్డును అన్నం వేళ చూడాలి. ఆరు పళ్ళేలు, ఆరు చెంచాలు. ఒకామె ఏదో అంటుంది. పెదవులు కదులుతాయి, ఊపిరి కూడా బయటికి రాదు. మిగతా ఐదుగురూ నవ్వుతారు. భుజాలు ఊగుతాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, చప్పుడు మాత్రం ఉండదు. కిటికీ జాలీ అవతల నిలబడి చూస్తుంటే నాకే చెవుడు వచ్చిందేమోనని భయమేసి, చెవి దగ్గర చిటికె వేసి చూసుకునేదాన్ని. ఆదివారం ప్రార్థనలో మేమందరం పాడుతుంటే ఆ ఆరు నోళ్ళూ మాతోపాటే తెరుచుకుని మూసుకునేవి. నేను పాట మరిచిపోయి వాళ్ళ నోళ్ళ వైపే చూసి అమ్మ చేత తొడపాశం తినేదాన్ని.

ఆ వార్డు చూసే డాక్టరమ్మ దొరల సీమనుంచి వచ్చిన తెల్లజుట్టు ముసలామె. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నది, పుస్తకంలాగే మాట్లాడేది. ఒకరోజు మా అమ్మకు జ్వరమైతే దీపం పట్టుకోవడానికి నన్ను పిలిచింది. ఇప్పుడు నా నోట్లో పెట్టినటువంటి అద్దమే ఆమె దగ్గరా ఉండేది. నా కళ్ళు దానిమీదే ఉండడం చూసి, పని అయిపోయాక నన్ను కూర్చోబెట్టింది.

"చూడు పాపా. కింద కొలిమి తిత్తి ఉన్నది. అది గాలి ఊదును. ఇక్కడ, గొంతులో, రెండు చిన్న పెదవులు ఉన్నవి. అవి దగ్గరకు వచ్చి గాలిలో అదురును. అదే గొంతు. ఇంకా మాట కాలేదు. ఆ అదురును నాలుకయు, పళ్ళును, పెదవులును, ముక్కును కలిసి కోసి మాట చేయును."

నా వేళ్ళు నా మెడ మీద పెట్టి స్‌స్‌స్ అనమంది. ఏమీ లేదు. మ్‌మ్‌మ్ అనమంది. మెడ లోపల తుమ్మెద దూరినట్టు అదిరింది. అంటుండగానే నా ముక్కు మూసింది. మ్ టక్కున ఆగిపోయింది. నేను అదిరిపడ్డాను. నా మాట నా ముక్కులోంచి పోతోందని నాకు పదేళ్ళూ తెలియదు. "ఆ చిన్న పెదవులకు వీరికి పుండు పడినది. పుండు పడిన పెదవులు రాసుకొనిన మానునా? మానవు. గుసగుసలో ఇంకను బిగుసుకొనును" అంది డాక్టరమ్మ.

ఆ వారమంతా పనివాళ్ళ పిల్లలందరి ముక్కులూ మూసి మ్ అనిపించాను. ఇద్దరు ఏడ్చారు. ఒకడు కరిచాడు.

బళ్ళో నాకు అక్షరాలు పట్టేవి కావు. అన్నీ ఒకేలా చుట్టలు చుట్టుకుని కనపడేవి. అయ్యవారు బెత్తం పట్టుకుని కవర్గం నుంచి వరసగా చెప్పమంటే, ఆ రోజు మొదటిసారి మెడ మీద వేళ్ళు పెట్టుకుని చెప్పాను. క, గ గొంతు గోడ దగ్గర. చ, జ అంగిట్లో. ట, డ నాలుక మడిచి. త, ద పళ్ళ వెనక. ప, బ పెదవుల దగ్గర. లోపల బయలుదేరి వరసగా వాకిట్లోకి వస్తున్నాయి! ఆ సంగతి అయ్యవారికి చెబితే "ముందు రాయి మే, తర్వాత నడిపిస్తువు" అని రెండు తగిలించాడు. రాయడం అప్పుడు రాలేదు, తర్వాతా రాలేదు. నోట్లో అక్షరాలు మాత్రం అప్పుడే పట్టాయి.

చలి మొదట్లో కుప్పం నుంచి ఒకామె వచ్చి ఆ వార్డులో చేరింది. నేను అక్కా అనేదాన్ని. వాళ్ళాయన కోలారు గనుల్లో పని, రెండు మూడు నెలలకొకసారి ఇంటికి వస్తాడు. మూడేళ్ళ కూతురిని అత్త దగ్గర వదిలి వచ్చింది. మాట మాన్పించే ముందు మూడు రోజులు మా అమ్మతో మాట్లాడిందట. "గంట కొట్టినట్టుండాది మే ఆ యమ్మ గొంతు. అంత గొంతుకు యాల వచ్చిందో ఈ రోగం" అనేది అమ్మ. నేను ఆ గొంతు వినలేదు. అది మరిచిపోకూడదు మీరు. నేను ఎప్పుడూ వినలేదు.

అక్కకు చదువు రాదు, పలక లేదు. మధ్యాహ్నం వేళ సరుగుడు తోపులో పడక కుర్చీలో పడుకోబెట్టేవాళ్ళు. అమ్మ నాకు ముందే చెప్పింది. "ఆమె మొగం ముందర కూసోవద్దు. గాలి వచ్చే దిక్కున కూసో, ఎనక. ఆమె ఊపిరి నీ మీద పడితే నీకూ పక్కనే మంచమేస్తారు." అందుకని నేను కుర్చీ వెనక, మూరెడు దూరంలో, రాయి మీద కూర్చునేదాన్ని. అక్క చేతి అద్దం ఎత్తి పట్టుకునేది. అందులో ఆమె నోరు కనిపించేది. అద్దం చిన్నది, కళ్ళు పట్టేవి కావు. నెలల తరబడి నాకు అక్క అంటే అద్దంలో ఒక నోరు.

నెల తిరిగేసరికి ఆ నోరు చదవడం వచ్చేసింది. పెదవులు కలిస్తే ప, బ, మ ఏదన్నా కావచ్చు. అద్దానికి మూడూ ఒకటే. మెడ మీద వేలు పెడితే బ, ముక్కు మీద పెడితే మ, ఊరికే ఉంటే ప. అలా మాకు మేమే పెట్టుకున్నాం. గ అయితే కనపడనే కనపడదు, లోపలెక్కడో పుడుతుంది. దానికి తల వెనక్కి వాల్చి నీళ్ళు పుక్కిలించినట్టు చూపించేది. నీళ్ళు, దువ్వెన, ఎండొస్తాండాది, మీ యమ్మను పిలువు. నా గొంతుతో ఆమె మాటలు వార్డంతా తిరిగేవి. మిగతావాళ్ళు నన్ను "కుప్పం నోరు" అని చూపించి నవ్వేవాళ్ళు, చప్పుడు లేకుండా.

ఒకరోజు అక్క అద్దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ ఎత్తి పట్టుకుంది. తర్వాత అంది. "నా బిడ్డ నా మొగం మర్సిపోతే పొయ్యి సూపిస్తా. గొంతు మర్సిపోతే యాడనుంచి తెచ్చేది?" నయమైనా పాత గొంతు రాకపోవచ్చని డాక్టరమ్మ ఆ పొద్దునే చెప్పిందట. "నువ్వు ఎండాకాలం కుప్పానికి పోతావు గదా. నా పిలుపు తీసకపో."

మా అమ్మ పుట్టిల్లు కుప్పం. మా అవ్వ ఈ అక్క అత్తవారి గొడ్ల కొట్టంలోనే పేడ ఎత్తే పని చేసేది. బడి సెలవులకు నన్ను అవ్వ దగ్గర దింపేవాళ్ళు.

పిలుపు ఇంతే. బిడ్డను అన్నానికి పిలిచేది. "బంగారీ... యాడుండావే... ముద్ద తిందువు రా..." దాన్ని నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అక్క చేతిలో గులకరాయి ఉండేది. కుర్చీ చేతి మీద అది టకటకమని కొడుతున్నంతసేపు గొంతు అదరాలి, రాయి ఆగితే ఆగాలి. వేలు ముక్కు మీదికి పోతే గాలి ముక్కులోకి పోవాలి. రీ దగ్గర చెయ్యి మెల్లగా పైకి లేచేది, తలకంటే ఎత్తుకు. అక్కడ గుప్పిట విప్పి వేళ్ళు చెదరగొట్టేది. గొంతు అక్కడ చిట్లాలని. నేను అంటే ఆమె విని అద్దంలో తల అడ్డంగా ఊపేది. మళ్ళీ. మళ్ళీ. రోజూ తల ఊపడమే.

ఒకనాడు అన్నాను. అద్దంలో తల ఊగలేదు. అద్దం ఒళ్ళోకి జారిపోయింది. వెనక ఇనప తొట్టి కింద పడ్డ చప్పుడైంది. మా అమ్మ.

"ఏమమ్మా, మాట్లాడతాండావా? డాక్టరమ్మకు తెలిస్తే నన్ను ఇంటికి పంపిస్తాది!" అని కుర్చీ ముందుకు ఉరికింది. అక్క నోరు గట్టిగా మూసుకుని అద్దంతో నన్ను చూపించింది. అమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"ఇంకో తూరి అను మే."

అన్నాను. అమ్మ రెండు చెవులూ మూసుకుంది. "సాలు. ఇంటికాడ మాత్రం అనొద్దు" అంది. ఆ రాత్రి నాకు పక్క దూరంగా వేసింది.

కుప్పం పోవాలంటే పుంగనూరులో బస్సు మారాలి. యుద్ధం రోజులు, పెట్రోలు లేదు, బస్సులన్నీ బొగ్గువే. వెనక పెద్ద పీపాయిలో బొగ్గు రాజేసి ఒకాయన చక్రం తిప్పుతూ గాలి ఊదేవాడు. బస్సు ఉసూరుమని మూలిగేది, గొంతు రాక. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని తింటూ నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. కింద తిత్తి ఉన్నది, అది గాలి ఊదును. పిలుపు నా గొంతులో తీసుకుపోతున్న సంగతి అక్కడెవరికీ తెలియదు. దాన్ని మింగేస్తానేమోనని నీళ్ళు కూడా జాగ్రత్తగా తాగాను.

అక్క వాళ్ళ ఇంట్లోకి మాలాంటి వాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. మాకు కొట్టం వరకే. అది ఇంటిని ఆనుకునే ఉండేది. మధ్యన మట్టిగోడ, దానికి గాలికోసం జానెడు కంత. గోడకు అవతల పెరటి పంచ, అక్కడ బిడ్డ ఆడుకునేది. మధ్యాహ్నం అవ్వ పేడగంప దిబ్బకు తీసుకుపోయినప్పుడు కొట్టంలో నేనూ రెండు పొట్టి ఆవులూ మిగిలేవాళ్ళం. గోడకు నోరు ఆనించి పిలిచాను.

"బంగారీ... యాడుండావే... ముద్ద తిందువు రా..."

అవతల కాలి మువ్వల చప్పుడు ఆగింది. తర్వాత ఒక్కొక్క అడుగే దగ్గరికి వచ్చింది. గోడకు అటువైపు ఊపిరి వినిపించింది.

"అమ్మా?"

ఆ గొంతులో నాకు ఆ మూడు ముక్కలే తెలుసు. "నేను ఆడ ఉన్నట్టే పిలువు, నువ్వని తెలీనీయొద్దు. తెలిస్తే ఆట అనుకుంటాది" అని అక్క చెప్పింది. నోరు మూసుకుని ఆవు పక్కన కూర్చున్నాను.

మూడో రోజు ఆ ఇంటి పెద్దామె, అక్క అత్త, విన్నది. చెంబు పడ్డ చప్పుడు, వెంటనే ఏడుపు. మర్నాడు అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి దిగులుగా చెప్పింది.

"ఆ యమ్మ కోడలు ఆసుపత్రిలో సచ్చిపోయిండాది మే. బిడ్డ మీద పానం పోక కొట్టంలోకి వచ్చి పిలస్తాండాదంట. పెద్దామె సెవులారా వినిండాది. నువ్వు ఆడ ఒంటిగా ఉండొద్దు."

"సచ్చిపోయినట్టు జాబు రాలేదు గదవ్వా?"

"కార్డు వచ్చింది. బాగుండాను, వస్తాండాను అని. అది పానం ఉన్నప్పుడు రాయించిండేది లే. కొడుకు గనులనుంచి వచ్చినాక సెప్తానని పెద్దామె నోరు కట్టుకోనుండాది."

అప్పుడే చెప్పవలసింది. చెబుదామనే ఆ మధ్యాహ్నం కొట్టానికి పోయాను. గొడ్లకు మేత వేసే గాడి మీద విస్తరాకు. ఆకులో రాగి సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి, బెల్లం ముక్క. కొట్టంలోకి వచ్చే చనిపోయిన కోడలికి. ఇంట్లో మాకు ఆ రోజుల్లో పురుగుపట్టిన రాగులే, అవీ అరపూటకే. చెనిక్కాయలు కాల్చి నూరిన ఆ ఊరిబిండి వాసన పేడ వాసనను కూడా తోసుకుని వచ్చింది. ముద్ద నెయ్యిలో దొర్లించి తినేశాను. ఆకు నాకేశాను. సాయంత్రం పెద్దామె వచ్చి ఖాళీ ఆకు చూసి, దండం పెట్టి, మర్నాడు ఇంకొంచెం పెద్ద ముద్ద పెట్టింది.

అలా నెల రోజులు. నేను పిలిచేది తిండికోసమో, అక్కకోసమో, నాకే తెలియకుండా పోయింది.

బిడ్డ కంతలో వస్తువులు పెట్టడం మొదలుపెట్టింది. చింతగింజలు. విరిగిన గాజు ముక్క. ఒకసారి తన ముద్దలో సగం. తర్వాత వేళ్ళు పెట్టింది, నాలుగు చిన్న వేళ్ళు, కదిలిస్తూ. నేను వెనక్కి జరిగాను. ఆ వేళ్ళు వెతికేది నన్నే, కానీ నన్ను కాదు. పక్కింటి పిల్లతో అది చెబుతుంటే గోడ ఇవతలినుంచి విన్నాను. "మా యమ్మ గోడలో ఉండాది. అన్నానికి పిలస్తాది. బయటికి రాదు."

ఒకరోజు నాకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. ఆలస్యంగా పోయాను, పిలవకూడదనుకునే పోయాను. పోయేసరికి బిడ్డ అప్పటికే గోడ దగ్గర ఉంది. నవ్వుతోంది. "వచ్చినా మా, వచ్చినా" అంటోంది. ఆవులు రెండూ గోడ వైపే చూస్తున్నాయి. ఆ రోజు నేను పిలవలేదు. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా, నేను పిలవలేదనే అనుకుంటాను.

తొలి వానలకు అక్క వచ్చింది. మా అమ్మే బస్సులో తోడు తీసుకువచ్చింది. పుండు మానింది, కొంచెం కొంచెం మాట్లాడవచ్చని డాక్టరమ్మ పంపించింది. అమ్మ వీధిలో ఆగిపోయింది, అక్క గడప దగ్గరికి నడిచింది. నేను కొట్టం పక్కనుంచి చూస్తున్నాను. పెద్దామె చేటలో రాగులు చెరుగుతూ తలెత్తింది. చేట జారిపోయింది.

"కొట్టంలో పెడతాండాను గదమ్మా దినామూ! ఇంట్లోకి యాల వచ్చినావు? బిడ్డను మాత్రం అడగొద్దు!"

అక్క నోరు తెరిచింది. "అత్తా, నేనే."

ఆ నోరు నాకు తెలుసు, పెదవుల ప్రతి మడతా తెలుసు. అందులోంచి వచ్చిన గొంతు తెలియదు. గులకరాళ్ళ మీద చెప్పులు ఈడ్చినట్టు, సగం గాలి, సగం గీర.

"నా కోడలి గొంతు నాకు తెలీదా? నిన్న గూడా వింటి!"

మా అమ్మ వీధిలోంచే అరిచింది. "మనిషేనమ్మా! కాళ్ళు సూడు, నీడ సూడు! ఈ సేత్తోనే గంజి పోసినా, నేను పోసింది దెయ్యానికా?" పెద్దామె కాళ్ళు చూసింది, నీడ చూసింది. అక్క మోచెయ్యి ఒక్క వేలితో తాకి చూసింది. ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది.

బిడ్డ మాత్రం తంబం వెనకనుంచి రాలేదు. "రావే నాయమ్మా" అని అక్క గీర గొంతుతో పిలిస్తే, పెరటి గోడ చూపించి చెప్పింది. "మా యమ్మ దాంట్లో ఉండాది. నువ్వు కాదు."

మూడు రోజులు. అక్క చెయ్యి చాపితే ఏడుపు, మాట్లాడితే చెవులు మూసుకోవడం. అక్క కొట్టంలోకి వచ్చి ఆవు పక్కన కూర్చుంది. నేను అంతా చెప్పేశాను. ఆకులో పెట్టింది తిన్నానని కూడా చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె భుజాలు ఊగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వార్డులో నవ్వినట్టే నవ్వింది, అలవాటుగా, చప్పుడు లేకుండా. తర్వాత ఆ నీళ్ళు నవ్వువి కాకుండా పోయాయి.

"ఆ పిలుపు నాకు నేర్పు" అంది.

అద్దం లేకుండా నా ఎదురుగా కూర్చుంది. ఈసారి ఆమె నా నోరు చూసింది. నేను మెల్లగా పిలిచాను, చెయ్యి పైకెత్తి, వేళ్ళు చెదరగొట్టి. ఆమె పలికింది. బ బాగానే వచ్చింది. రీ దగ్గర గొంతు ఎక్కలేదు, గాలి మాత్రం ఎక్కింది. పదిసార్లు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని "అవి వేరే పెదవులు పాపా. ఇవి కావు" అంది.

మర్నాడు మధ్యాహ్నం, తన వెనకనుంచి పిలవమని ఆమే అడిగింది. కొట్టంలో గోడకు దగ్గరగా, వాకిలి వైపు మొహం పెట్టి కూర్చుంది. ఒక చేతిలో సంగటి ముద్ద, ఇంకో చేతిలో ఆ చేతి అద్దం. నన్ను తన వెనక, గడ్డివామి చాటున, పాత చోటనే కూర్చోబెట్టింది. పెద్దామె బిడ్డను కొట్టం వాకిట్లో దించి పక్కకు తప్పుకుంది.

అద్దంలో పెదవులు కలుసుకున్నాయి. నేను మొదలుపెట్టాను.

ఆమె నోరు, నా గొంతు. ఇన్ని నెలలుగా ఊపిరి వదలకుండా పెదవులు ఆడించిన మనిషి, వెంట్రుకవాసి కూడా తప్పలేదు. బిడ్డ గోడ చూసింది. నోరు చూసింది. మళ్ళీ గోడ. "రా" అనే చోట ఆ నోరు తెరుచుకుని అలాగే ఉంటే, నా గొంతు అందులోంచే పోతున్నట్టు నాకే అనిపించి, నేను ఉన్నానా లేనా అని గడ్డి గట్టిగా పట్టుకున్నాను. బిడ్డ మెల్లగా వచ్చింది. ఆమె పెదవుల మీద వేళ్ళు పెట్టి చూసింది. "బయటికి వచ్చేసినావా?" అంది. అక్క తల ఊపింది. ఒళ్ళో కూర్చుని ముద్ద తింది.

నాలుగు రోజులు అలాగే జరిగింది. ఐదో రోజు నేను "బంగారీ..." అనేసరికి అక్క అద్దాన్ని మోకాలి మీద బోర్లించేసింది. నాకు నోరు కనపడలేదు. ఆగిపోయాను.

అప్పుడు ఆ గీర గొంతు, మిగతాది అందుకుంది. "యాడుండావే... ముద్ద తిందువు రా."

బిడ్డ గోడ వైపు తిరిగింది. విన్నది. చాలాసేపు విన్నది. నా గొంతులో ఆ పిలుపు మిగతా సగం లేచి, పెదవులదాకా వచ్చి నిలబడింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ముక్కు కూడా మూసుకున్నాను. ఊపిరాడలేదు. గోడ ఏమీ అనలేదు. ఆవు తోక విసిరింది. బిడ్డ వెనక్కి తిరిగి నోరు తెరిచింది, ముద్దకోసం.

ఆ సాయంత్రం అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను తాకడం అదే మొదలు. "ఇంక దాన్ని ఎత్తొద్దు పాపా. ఒక బిడ్డకు రెండు గొంతులు వద్దు." ఎత్తనన్నాను. అద్దం నా చేతిలో పెట్టింది.

నా పిల్లల్ని నేను ఎప్పుడూ ఎలుగెత్తి పిలవలేదు. పిలిస్తే ఏది బయటికి వస్తుందోనని భయం. చప్పట్లు కొట్టేదాన్ని. "కోళ్ళను పిలిసినట్ల పిలస్తాదప్పా నా పెండ్లాము" అని మా ఆయన అందరికీ చెప్పి నవ్వేవాడు. చాలా ఏళ్ళకు పుంగనూరు సంతలో నా వెనక ఎవరో బిడ్డను "బంగారీ..." అని పిలిచారు. "యాడుండావే... ముద్ద తిందువు రా." తిరిగి చూస్తే ఎదిగిన ఆడమనిషి, ఏ రోగమూ లేని మనిషి. రీ దగ్గర గొంతు పైకి పోలేదు. కిందనే గీరుకుని ఆగింది, గులకరాళ్ళ మీద చెప్పులు ఈడ్చినట్టు. వాళ్ళమ్మ రెండో గొంతు. నేను కొత్తిమీర కట్ట ఏరుకుంటున్నట్టు తల దించుకున్నాను. కడుపు నిండింది.

కోత తర్వాత వాడుకోమని మా కోడలు పలక తెచ్చింది. నాకు పలక ఎందుకు? బీరువాలో అడుగున చేతి అద్దం ఉంది, పాదరసం సగం లేచిపోయింది, అది తెమ్మన్నాను. పొద్దున మొదలుపెట్టాం. నీళ్ళు, మందు, కిటికీ మూయి, ఇవన్నీ నేర్పుతాను. ఆ పిలుపు మాత్రం నేర్పను. ముందు పెదవులు రెండూ కలిపి చూపించాను. కోడలు నా వెనక కూర్చుని అద్దంలోకి తొంగి చూసింది.

"ఇది పనా, బనా అత్తా?"

దాని వేళ్ళు తీసుకుని నా మెడ మీద పెట్టుకున్నాను. ఇంకా అదురుతూనే ఉంది.